జర్మనీలో మూడు వారాల వాలంటీర్ క్యాంప్: బెంగళూరు నుంచి వెళ్ళడానికి నిజంగా ఎంత అవుతుంది?

మల్బరీ_తోట (బెంగళూరు):

అందరికీ నమస్కారం. మాది హిందూపురం దగ్గర పల్లె. బెంగళూరులో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను, హెబ్బాళలో పీజీ హాస్టల్లో ఉంటున్నాను. ఈ ఆగస్టులో జర్మనీలోని హార్జ్ కొండల్లో జరిగే వాలంటీర్ క్యాంప్‌కి సెలెక్ట్ అయ్యాను. 2 నుంచి 22 దాకా, మూడు వారాలు. అక్కడ 2018 నుంచి వరసగా వచ్చిన కరువులకి, ఆ వెంటనే బెరడు పురుగుకి స్ప్రూస్ అడవులు నిలువునా ఎండిపోయాయట. కొత్తగా నాటిన మొక్కల చుట్టూ కలుపు తీయడం, జింకలు మేయకుండా కట్టిన కంచెలు సరిచేయడం మా పని. మా ఇంట్లో ఆకు తినే పురుగే మాకు అన్నం పెట్టింది. అక్కడ ఒక పురుగు అడవినే తినేసిందని చదివినప్పటి నుంచి ఎలాగైనా వెళ్ళి చూడాలని ఉంది.

ఇక డబ్బు సంగతి. తిండి, బస క్యాంప్ వాళ్ళదే. నేను వేసుకున్న లెక్క ఇది: విమానం 60,000, వీసా 10,000, క్యాంప్ ఫీజు 12,000, చేతి ఖర్చుకి 10,000. మొత్తం 92,000. ట్యూషన్లు చెప్పి (నెలకి నాలుగు వేలు వస్తాయి) దాచుకున్నవి 42,000 ఉన్నాయి. నాన్న ఇంకో రెండు పంటల పట్టుగూళ్ళు అమ్మితే 40,000 ఇస్తానన్నారు. మిగిలింది నేనే ఎలాగో సర్దుకోగలను.

ఈ లెక్క సరిపోతుందా? ఎక్కడైనా తక్కువ వేశానా? ఇంకో టెన్షన్ కూడా ఉంది. వీసాకి బ్యాంక్ స్టేట్‌మెంట్ అడుగుతారు కదా, నా అకౌంట్లో ఉన్నది అంతంత మాత్రం. నాన్న రైతు, ఐటీ రిటర్న్స్ లేవు. మా మామయ్య 2 లక్షలు నా అకౌంట్లో ఒక నెల వేసి ఉంచుతాను, వీసా వచ్చాక తీసుకుంటాను అంటున్నాడు. అలా చేయొచ్చా? డబ్బు కార్డులో తీసుకెళ్ళాలా, నోట్లుగానా? మా ఇంట్లో పాస్‌పోర్ట్ తీసుకున్న మొదటి మనిషిని నేనే. అడగడానికి ఎవరూ లేక ఇక్కడ రాస్తున్నాను.

తిరువాన్మియూర్_నుంచి (చెన్నై):

క్యాంప్ కాదు గానీ, నేను 2024లో శ్రీలంకలో ఒక బీచ్ ఊళ్ళో హాస్టల్‌లో పని చేశాను. రోజుకి నాలుగు గంటలు పని, బదులుగా బెడ్, టిఫిన్, ఒక పూట భోజనం అన్నారు. చెన్నై నుంచి కొలంబో గంటన్నర ప్రయాణం, టికెట్ చవక, ఇంకేం కావాలి అనుకున్నాను. మూడో రోజు నుంచి పొద్దున బాత్రూములు కడగడం, రాత్రి పన్నెండు దాకా కౌంటర్ దగ్గర కూర్చోవడం. భోజనం ఒక్కోరోజు ఉండేది, ఒక్కోరోజు ఉండేది కాదు. గట్టిగా అడుగుదామంటే నేను వెళ్ళింది టూరిస్టుగా. బెడ్ కోసం పని చేసినా అది పనే, అది నాకు అక్కడికి వెళ్ళాకే తెలిసింది. కాబట్టి ఎవరికీ ఫిర్యాదు చేసుకోలేను.

అప్పటికి నా దగ్గర మిగిలింది 3,800 రూపాయలు. తిరుగు టికెట్ తేదీ మార్చడానికే అంతకంటే ఎక్కువ అడిగారు. 19 రోజులు అలాగే ఉన్నాను. ఆ టికెట్ డబ్బులు చేతిలో ఉండి ఉంటే మూడో రోజే బ్యాగ్ సర్దుకునేవాణ్ణి. మీ లెక్కలో ఆ డబ్బు ఎక్కడా కనపడలేదు, అందుకే రాస్తున్నాను. మీది పేరున్న క్యాంపే అయ్యుండొచ్చు, అయినా సరే పెట్టుకోండి.

సంచారి_కేఆర్‌పురం (బెంగళూరు):

చెల్లీ, నువ్వు అంటున్నాను, ఏమనుకోకు. నేను 2023 ఆగస్టులో ఇలాంటి క్యాంప్‌కే వెళ్ళాను, అదీ హార్జ్ వైపే. అప్పుడు ఎంఎస్సీ చదువుతున్నాను. బయలుదేరే ముందు నోట్‌బుక్‌లో వేసుకున్న లెక్క 85,000. తిరిగొచ్చాక కూడితే లక్షా ఇరవై రెండు వేలు దాటింది. ఆ నోట్‌బుక్ ఇంకా నా దగ్గరే ఉంది, చూసి రాస్తున్నాను.

విమానం 58,000. వీసా ఫీజు, సెంటర్ వాళ్ళ సర్వీస్ ఛార్జీ కలిపి 9,300 (అప్పుడు ఫీజు 80 యూరోలు, 2024 జూన్ నుంచి 90 అయింది). ఇన్సూరెన్స్ 1,400. క్యాంప్ ఫీజు 11,000. ఫొటోలు, ట్రాన్స్‌లేషన్లు, నోటరీ, జిరాక్స్‌లు, ఆటోలు 3,200. స్లీపింగ్ బ్యాగ్, బూట్లు, రెయిన్ జాకెట్ 7,800. ఇంత దాకా విమానాశ్రయంలో కాలు పెట్టకముందే అయిపోయింది, 90,700. అక్కడికి వెళ్ళాక చేతి ఖర్చు 180 యూరోలు, రైలు పాస్‌కి 98, చివరి రోజు ఒక టికెట్‌కి 74. అప్పట్లో యూరో 90 రూపాయలు. ఇప్పుడు నువ్వు వంద దాటించి వేసుకో.

నీ లెక్కలో ఇన్సూరెన్స్ లేదు. షెంగెన్ వీసాకి (జర్మనీతో పాటు యూరప్ లోని చాలా దేశాలకి కలిపి ఇచ్చేది, నువ్వు తీసుకునేది అదే) కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న పాలసీ తప్పనిసరి. బూట్లు, స్లీపింగ్ బ్యాగ్ లేవు. క్యాంప్ వాళ్ళు పంపిన కాగితం కింది భాగంలో 'వెంట తెచ్చుకోవాల్సినవి' అని ఉంటుంది, అది మళ్ళీ చదువు. మాకు ఇచ్చిన బస ఊరి స్కూల్ జిమ్ హాల్. నేల మీద చాప, దాని మీద స్లీపింగ్ బ్యాగ్. ఆగస్టు అయినా కొండ మీద తెల్లవారుజామున పళ్ళు కొట్టుకునేవి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఆ ఊరికి వెళ్ళే రైలు ఖర్చు కూడా నీ లెక్కలో లేదు.

ఇప్పుడు అసలు మాట. డబ్బంతా ఒకే కుప్పగా చూడకు. నేను అలాగే చూశాను, అందుకే లెక్క తప్పింది. మూడు కవర్లు పెట్టుకో.

మొదటి కవర్ వీసా రాకపోతే పోయే డబ్బు. ఫీజు, సర్వీస్ ఛార్జీ, ట్రాన్స్‌లేషన్లు, ఇన్సూరెన్స్‌లో వాళ్ళు పట్టుకునే భాగం. ఈరోజు లెక్కన పదిహేను, పదహారు వేలు. వీసా రిజెక్ట్ అయితే ఇందులో దాదాపు ఏదీ వెనక్కి రాదు. క్యాంప్ ఫీజు సంగతి ఇప్పుడే మెయిల్ పెట్టి అడుగు: వీసా రాకపోతే తిరిగిస్తారా, ఎంత తిరిగిస్తారు అని. జవాబు రాతలో తెప్పించుకో. విమానం టికెట్ మాత్రం వీసా చేతికి రాకముందు కొనకు. అప్లికేషన్‌కి రిజర్వేషన్ చాలు. నాతో పాటు అప్లై చేసిన ఒకమ్మాయి చవకగా వచ్చిందని ముందే నాన్-రిఫండబుల్ టికెట్ కొనేసింది. ఆమె వీసా రాలేదు. ఆ రోజు వీసా సెంటర్ బయట ఆమె వాళ్ళ నాన్నకి ఫోన్ చేయడం చూశాను, ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, ఆలస్యం చేయకు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్ని కేసుల్లో 45 దాకా పడుతుంది. అపాయింట్‌మెంట్ దొరకడానికి పట్టే రోజులు వేరే. తొందరగా వీసా వస్తే టికెట్ కూడా కాస్త తక్కువలో దొరుకుతుంది. ఇంకొకటి, చదువు కోసమో శిక్షణ కోసమో వెళ్ళే విద్యార్థులకి వీసా ఫీజు మినహాయింపు షెంగెన్ నిబంధనల్లోనే ఉంది. వాలంటీర్ క్యాంప్ దాని కిందికి దానంతట అదే రాదు. కానీ మీ క్యాంప్‌లో శిక్షణ భాగం ఉంటే ఆ మాట ఆహ్వాన పత్రంలో రాయమని అడిగి, అప్లై చేసేటప్పుడు కనుక్కో. వస్తే తొమ్మిది వేలు మిగులుతాయి, రాకపోతే పోయేదేం లేదు.

రెండో కవర్ అక్కడ పెట్టే ఖర్చు. ఇది నువ్వు అనుకున్నంత ఎక్కువేం కాదు, కాకపోతే జాగ్రత్తగా ఉండాలి. రైళ్ళకి డాయిచ్‌లాండ్ టికెట్ అని నెల పాస్ ఉంది. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2025లో 58 అయింది, 2026 నుంచి 63. దేశమంతా లోకల్, రీజనల్ రైళ్ళు, ఊళ్ళో బస్సులు, ట్రామ్‌లు దాంతోనే తిరగొచ్చు. ఐసీఈ లాంటి స్పీడు రైళ్ళలో మాత్రం చెల్లదు. ఇందులో రెండు మెలికలున్నాయి. అది క్యాలెండర్ నెలకి లెక్క. అంటే జూలై 31 సాయంత్రం దిగితే ఆ ఒక్క పూట కోసం జూలై పాస్ కూడా కొనాలి. నీ క్యాంప్ 2న మొదలవుతుంది కాబట్టి 1వ తేదీ పొద్దున దిగేలా విమానం చూసుకో. రెండోది, అది నెలనెలా దానంతట అదే రెన్యూ అయ్యే సబ్‌స్క్రిప్షన్. ఆ నెల 10వ తేదీ లోపు క్యాన్సిల్ చేయకపోతే తర్వాతి నెల డబ్బు కూడా పట్టేస్తారు. క్యాంప్ హడావిడిలో నేను 14న చూసుకున్నాను. సెప్టెంబర్‌లో నేను కేఆర్‌పురంలో ఉన్నాను, నా పాస్ జర్మనీలో ఉంది. నువ్వు పాస్ కొన్న రోజే క్యాన్సిల్ చేసి, వచ్చిన మెయిల్ దాచుకో. ఆగస్టు అంతా పాస్ పనిచేస్తూనే ఉంటుంది.

ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు. మొదటి ఆదివారం మేము ఆ సంగతి తెలియక స్టేషన్‌లో ఒక బ్రెడ్డు, నీళ్ళ బాటిలుకి పెట్టిన డబ్బుతో శనివారమైతే రెండు పూటలు గడిచేవి. కుళాయి నీళ్ళు తాగొచ్చు, సీసా వెంట పెట్టుకో. ప్లాస్టిక్ బాటిల్, క్యాన్ కొన్నప్పుడల్లా 25 సెంట్లు డిపాజిట్ పట్టుకుంటారు, సూపర్‌మార్కెట్‌లోని మెషీన్‌లో వేస్తే చీటీ ఇస్తుంది, అది బిల్లులో తగ్గుతుంది. మా క్యాంప్‌లో ఒక సంచి పెట్టి అందరి బాటిళ్ళూ అందులో పోగేసేవాళ్ళం. ఆ చీటీల డబ్బుతోనే శుక్రవారం రాత్రి ఐస్‌క్రీమ్‌లు వచ్చేవి.

వంట వంతుల వారీగా మేమే చేసుకునేవాళ్ళం. నా వంతు రోజు పధ్నాలుగు మందికి చారు పెట్టాను. చింతపండు, చారు పొడి అమ్మ కట్టి ఇచ్చింది. కందిపప్పు దొరకలేదు, టర్కీ వాళ్ళ కొట్లో ఎర్ర పప్పు దొరికింది. ఒక పోలాండ్ అబ్బాయి గిన్నె పట్టుకుని నిలబడి తాగేశాడు. అరకిలో చింతపండు, కాస్త పోపు సామాను తీసుకెళ్ళు. బయట తినాలనిపించే రోజులు సగానికి తగ్గుతాయి. వారాంతంలో గోస్లార్ తప్పకుండా చూడు. పాత ఊరు, పక్కనే రామెల్స్‌బర్గ్ గనులు, రెండూ కలిపి 1992లోనే యునెస్కో జాబితాలో చేరాయి. పాస్ మీద వెళ్ళి రావచ్చు.

మూడో కవర్ అంటే, పైన చెన్నై తమ్ముడు చెప్పిన తిరుగు టికెట్ డబ్బే. ఆ మాట నాకు 2023లో ఎవరూ చెప్పలేదు. మా అమ్మ మాత్రం బయలుదేరే ముందు రోజు రాత్రి బ్యాగ్ లోపలి గుడ్డకి చిన్న జేబు కుట్టి, అందులో రెండు యాభై యూరోల నోట్లు పెట్టి, నోరు కూడా కుట్టేసింది. "విప్పాలంటే కత్తెర కావాలి, అప్పుడు ఆలోచిస్తావు" అంది. తిరుగు ప్రయాణం రోజు మధ్యలో నేను ఎక్కాల్సిన రీజనల్ రైలు రద్దయింది. తర్వాతి దానికి ఆగితే విమానం పోతుంది. గ్యోటింగెన్ స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని గోళ్ళు కత్తిరించుకునే దాంతో ఆ కుట్లు విప్పాను. చేతులు వణికాయి, ఒక నోటు అంచు కూడా కాస్త చిరిగింది. స్పీడు రైలు టికెట్ 74 యూరోలు. కౌంటర్‌లో ఆవిడ ఆ నోటుని వెలుతురులో పెట్టి చూసి తీసుకుంది. విమానం అందింది.

అది లేకపోతే ఏమయ్యేదో ఊహించడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. నువ్వు కనీసం 250 యూరోలు అలా విడిగా పెట్టుకో. ఒక రాత్రి బస, ఒక స్పీడు రైలు, టికెట్ తేదీ మార్పు, ఈ మూడింటిలో ఏది వచ్చినా తట్టుకునేలా. దాన్ని చేతి ఖర్చులో కలపకు. ఉన్నచోట ఏదైనా తేడాగా అనిపిస్తే 'నేను వెళ్ళిపోతున్నాను' అనగలిగే ధైర్యం ఆ డబ్బులోనే ఉంటుంది. ఆడపిల్లవి, ఒక్కదానివి వెళ్తున్నావు. ఇది మిగతా అన్నిటికంటే ముందు పక్కన పెట్టాల్సిన డబ్బు అని నా అభిప్రాయం.

మీ మామయ్య డబ్బు గురించి బ్యాంకుల సంగతి బాగా తెలిసినవాళ్ళెవరైనా చెప్తే మంచిది. నేనైతే వద్దంటాను.

నెల్లూరు_టీనగర్ (చెన్నై):

అమ్మా, నేను బ్యాంకులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. అందులో తొమ్మిదేళ్ళు ఫారిన్ ఎక్స్చేంజ్ కౌంటర్లోనే.

మామయ్యగారి 2 లక్షలు వద్దు. ఆయన మంచి మనసుతోనే అంటున్నారు. కానీ నెలకి నాలుగు వేలు వచ్చే అకౌంట్లో ఉన్నట్టుండి 2 లక్షలు పడితే స్టేట్‌మెంట్ చూసేవాడి కన్ను ముందు దాని మీదే పడుతుంది. ఎక్కడిది అని అడిగితే మీరు నిజం చెప్పాలి. అప్పు తెచ్చి చూపించాం అంటే ఉన్న నమ్మకం కూడా పోతుంది. దానికంటే మీ నాన్నగారిని స్పాన్సర్‌గా చూపించండి. రైతుకి ఐటీ రిటర్న్స్ లేకపోవడం తప్పేమీ కాదు, వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. ఆయన పట్టాదారు పాస్‌బుక్, 1బి, అడంగల్ (భూమి, పంట వివరాల రికార్డులు) తీయించండి. పట్టుగూళ్ళ డబ్బు ఆయన అకౌంట్లోకి పడుతుందా? పడుతుంటే మీకు అంతకంటే మంచి కాగితం లేదు. నలభై రోజులకోసారి పంట, పంటకోసారి జమ, ఏడాది పొడవునా అదే వరస. జీతం రాళ్ళలాగే కనపడుతుంది. స్టేట్‌మెంట్ మూడు నెలలదే అడిగినా, మీరు ఏడాదిది పెట్టండి. మార్కెట్‌లో ఇచ్చే రసీదులు ఉంటే జత చేయండి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిష్ అనువాదం పెట్టండి. నాన్నగారి చేత 'మా అమ్మాయి ఖర్చు నేను భరిస్తాను' అని సంతకంతో ఉత్తరం, కాలేజీ నుంచి బోనఫైడ్, సెలవు ఇస్తున్నట్టు, తిరిగి ఫలానా తేదీకి క్లాసులు మొదలవుతున్నట్టు ఒక లెటర్. ఆహ్వాన పత్రంలో బస, భోజనం వాళ్ళదే అని స్పష్టంగా ఉండాలి. ఆ ఒక్క వాక్యం ఉంటే మీరు చూపించాల్సిన డబ్బు తగ్గుతుంది. అప్లికేషన్‌లో వాలంటీర్ క్యాంప్ అనే రాయండి, ఊరు చూడటానికి అని రాయకండి.

డబ్బు తీసుకెళ్ళడం గురించి. నోట్లు 150 యూరోలకి మించి వద్దు, మిగతాది ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు) యూరోలుగానే లోడ్ చేయించండి. రేటు అప్పుడే ఖాయమవుతుంది. మామూలు డెబిట్ కార్డు అక్కడ గీకితే చాలా బ్యాంకులు మూడు, మూడున్నర శాతం మార్కప్ (అదనపు ఛార్జీ) వేస్తాయి, దాని మీద జీఎస్‌టీ. ఫారెక్స్ కొనేటప్పుడు కూడా జీఎస్‌టీ ఉంటుంది, భయపడకండి. 40,000 రూపాయల కరెన్సీ కొంటే అది 72 రూపాయలే. తేడా అంతా రేటులో ఉంటుంది. రెండు మూడు చోట్ల అడగండి. 'జీరో కమిషన్' అనే బోర్డు చూడకండి, చేతికి ఎన్ని యూరోలు వస్తాయో అది అడగండి.

అక్కడ ఏటీఎంలోనో దుకాణంలోనో మెషీన్ 'రూపాయల్లో కడతారా, యూరోల్లోనా' అని అడుగుతుంది. రూపాయలు చూడగానే మన ప్రాణం అటే లాగుతుంది. యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే ఆ మెషీన్ వాడు చెప్పిందే రేటు. మా కౌంటర్‌కి తిరిగొచ్చిన పిల్లల స్లిప్పుల్లో నేను ఎక్కువగా చూసిన నష్టం ఇదే.

టీసీఎస్ (విదేశాలకి పంపే డబ్బు మీద ముందే పట్టుకునే పన్ను) గురించి ఎవరైనా భయపెడితే వినకండి. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షలు దాటిన పంపకాల మీదే అది. కానీ ఎవరైనా ఏజెంట్ టికెట్, బస, ఫీజు అన్నీ కలిపి టూర్ ప్యాకేజీగా బిల్లు వేస్తే మొదటి రూపాయి నుంచే టీసీఎస్ పడుతుంది. రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ, అప్పటిదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు. క్యాంప్ ఫీజు నేరుగా వాళ్ళకే బ్యాంకు ద్వారా పంపండి. పాన్ కార్డు కావాలి. మీకు లేకపోతే ఈ వారమే అప్లై చేయండి.

మిగిలిన యూరోలు వచ్చాక 180 రోజుల్లో మార్చేసుకోండి. 2,000 డాలర్ల విలువ లోపు దగ్గర ఉంచుకోవడానికీ అనుమతి ఉంది. మళ్ళీ వెళ్ళే ఉద్దేశం ఉంటే ఉంచుకోవచ్చు.

మల్బరీ_తోట (బెంగళూరు):

అక్కా, అన్నా, బ్యాంకు అంకుల్, ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. నిన్న రాత్రి ఇదంతా ఫోన్లో నాన్నకి చదివి వినిపించాను. పట్టుగూళ్ళ డబ్బు రెండేళ్ళుగా ఆయన అకౌంట్లోకే పడుతోందట. "జీతం రాళ్ళలాగే కనపడుతుందా" అని రెండుసార్లు అడిగారు. శనివారం సచివాలయానికి వెళ్ళి 1బి, అడంగల్ తెస్తానన్నారు. మామయ్యకి నేనే ఫోన్ చేసి వద్దని చెప్పాను, అర్థం చేసుకున్నాడు.

మూడు కవర్లుగా మళ్ళీ లెక్క వేశాను. మొదటిది 16,000. విమానం, క్యాంప్ ఫీజు, సామాన్లు కలిపి 80,000. అక్కడి ఖర్చు, రైలు పాస్‌తో సహా 220 యూరోలు అనుకుంటే 22,000 పైన. మూడో కవర్ 250 యూరోలు, అంటే 25,000 పైన. మొత్తం 1,43,000 దాటింది. మూడో కవర్ ఖర్చు కాకుండా వెనక్కి రావచ్చు, కానీ ముందు చేతిలో ఉండాలి కదా. నా దగ్గర, నాన్న దగ్గర కలిపి 82,000. జూలై దాకా ట్యూషన్ల మీద ఇంకో 12,000 వస్తాయి. ఇంకా 49,000 తక్కువ.

అమ్మ తన రెండు గాజులు తాకట్టు పెడతానంటోంది. "మళ్ళీ విడిపించుకుందాం, అవకాశం మళ్ళీ రాదు" అంటోంది. ఆ గాజులు అమ్మమ్మవి. 2016లో తమ్ముడి ఆపరేషన్‌కి కూడా తీయలేదు వాటిని. ఏం చేయాలో తెలియడం లేదు అక్కా.

సంచారి_కేఆర్‌పురం (బెంగళూరు):

గాజులు వద్దు చెల్లీ. పట్టుపురుగు పంట ఎలాంటిదో నాకంటే నీకే బాగా తెలుసు. ఒక్కసారి చాకీలో (పురుగులు పసివిగా ఉన్న దశలో) రోగం తగిలితే ఆ పంట మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. అప్పుడు వడ్డీ ఎవరు కడతారు? నువ్వు అక్కడ కంచె దగ్గర పని చేస్తూ ఇంట్లో ఏమవుతోందో అని ఆలోచిస్తూ ఉంటావు.

'అవకాశం మళ్ళీ రాదు' అనేది నిజం కాదు, అమ్మకి చెప్పు. ఇలాంటి క్యాంపులు 1920లో ఫ్రాన్స్ లోని వెర్డన్ దగ్గర మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన ఊరిని మళ్ళీ కట్టడానికి పియర్ సెరెసోల్ అనే స్విస్ శాంతివాది కొంతమందిని పోగు చేసినప్పటి నుంచి నడుస్తున్నాయి. ప్రతి వేసవీ ఉంటాయి. నీకు వచ్చే ఏడాదికి మూడో సంవత్సరం, అప్పటికి ట్యూషన్ల డబ్బే 48,000 అదనంగా చేరుతుంది. నాన్న స్టేట్‌మెంట్ ఇంకో ఏడాది పొడవవుతుంది. డిగ్రీ అయ్యాక ఏడాది ఖాళీ పెట్టుకోగలిగితే జర్మనీలోనే ప్రభుత్వ వాలంటీర్ సర్వీస్ ఉంది, 2011 నుంచి నడుస్తోంది. పాకెట్ మనీ, ఇన్సూరెన్స్ వాళ్ళే ఇస్తారు, చాలాచోట్ల బస కూడా ఉంటుంది. దాని వీసా ఫీజు 75 యూరోలు. కాకపోతే జర్మన్ రావాలి, అది ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.

ఈ ఏడాదే వెళ్ళాలని ఉంటే ఒక తేదీ పెట్టుకో. కాలేజీలో ప్రయాణ సాయం ఏదైనా ఉందేమో హెచ్‌ఓడీని అడుగు, క్యాంప్ వాళ్ళనీ ఫీజు తగ్గించమని అడుగు. మెయిల్‌లో నాన్న పట్టు రైతు అని దాచకుండా రాయి. మే నెలాఖరుకి అప్పు లేకుండా 1,27,000 చేరితే అప్లై చెయ్, మూడో కవర్లో తక్కువ పడింది జూన్, జూలై ట్యూషన్లతో నిండుతుంది. చేరకపోతే ఆ డబ్బు ఫిక్సెడ్ డిపాజిట్‌లో వేసి వచ్చే ఏడాది వెళ్ళు. ఒక్క పైసా పోదు.

సామాన్ల డబ్బు తీసెయ్. నా స్లీపింగ్ బ్యాగ్, రెయిన్ జాకెట్ ఉతికి అటక మీద పెట్టి ఉన్నాయి. బూట్లు కూడా ఉన్నాయి, నా సైజు 6. కేఆర్‌పురం మెట్రో దగ్గరికి ఏ ఆదివారమైనా రా, ఇస్తాను.

మల్బరీ_తోట (బెంగళూరు):

నాదీ 6 అక్కా. ఆదివారం వస్తాను. ఈ పూట క్యాంప్ వాళ్ళకి మెయిల్ రాశాను, ఫీజు సంగతి, వీసా రాకపోతే డబ్బు సంగతి రెండూ అడిగాను. అమ్మకి మీరు రాసింది చదివాను. గాజులు బీరువాలో పెట్టేసి తాళం వేసింది.